ఫైలు లేదంటే గుమాస్తా భయపడతాడా?
(మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు ప్రోగ్రాము గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. నవ్వదగిన విషయమే. 1970లో నారాయణగూడలో టైపు లోయరు, హయ్యరు ప్యాసవడమే నా సాంకేతిక విద్య. ఆ పైన మనవరాలు ఫోనులో నేర్పిన నాలుగు ముక్కలు.

అశోక్‌నగర్‌లో మా మేడమీది గదిలో ఒక కుర్రవాడున్నాడు. పేరు చెప్పవద్దన్నాడు. గ్రూప్స్ పరీక్షలకని వచ్చి ఆరేళ్ళయింది. పొద్దున్నే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పోయి కుర్చీ పట్టుకోవడం, చీకటిపడ్డాక రావడం. ముప్పై దగ్గరపడింది, ఇంటినుంచి డబ్బు ఆగింది. పైథాన్ వస్తే చిన్న ఉద్యోగముందని మిత్రుడంటే పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. నాలుగోరోజు సంచి సర్దుకుని దిగివచ్చి, "నా బుర్రకు ఎక్కదు సార్, ఊరికి పోతా" అన్నాడు.

"సంచి అక్కడ పెట్టి, యంత్రం ఏమందో చదువు నాయనా" అన్నాను.

ఈ పైథాన్ పాము కాదండోయ్. నెదర్లాండ్స్ దేశీయుడు గైడో వాన్ రోసమ్ 1991లో బయటపెట్టిన భాష. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరు పెట్టాడు.

మొదట 'పైథాన్ కనబడలేదు' అని వచ్చింది. దాన్ని ఎక్కించేటప్పుడు మొదటి తెరలో, అడుగున 'పాత్'లో చేర్చమనే చిన్న గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టలేదు. మళ్ళీ ఎక్కించి టిక్కు పెట్టాం. ఈసారి 'అలాంటి ఫైలు లేదు' అంది. కుర్రవాడు తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది! నా సర్వీసంతా ఆ మాటతోనే గడిచింది కదా. ఫైలు ఎక్కడికీ పోదు, వేరే కట్టలోనో వేరే పేరుతోనో ఉంటుంది. ఇక్కడా అంతే. నోట్‌ప్యాడులో రాసి దాచినప్పుడు 'పై' అనే తోక వెనుక 'టీఎక్స్‌టీ' అని ఇంకో తోక తగిలింది. విండోస్ దాన్ని కనపడనీయదు. 'వ్యూ'లోకి వెళ్ళి ఫైలు పేర్ల తోకలు చూపించమంటే దొరికింది. తీసేశాం. 'నమస్కారం' అని తెరమీద పడింది.

తరువాత మన లెక్కే ఇచ్చాను. మూలపింఛను 30,000, కరువుభత్యం విడత 3.64 శాతమనుకుంటే నెలకు 1,092 రూపాయలు. పన్నెండు నెలల బాకీ ఎంత? 1092 కీబోర్డుమీద కొట్టాడు. యంత్రం ఆ అంకెల్నే పక్కపక్కన పన్నెండుసార్లు పేర్చింది! అంత బాకీ వస్తే మనం బంజారాహిల్స్ కొనేయవచ్చు. సంగతేమంటే, మనం కొట్టింది అది అక్షరాలుగానే తీసుకుంటుంది. 'ఇంట్' అని చెబితేనే సంఖ్య. ఆ తప్పు కుర్రవాడే పట్టాడు. 13,104 వచ్చింది.

టైపు మిషనులో తప్పు కొడితే కాగితం, కార్బను పాడయ్యేవి, హెడ్డుగుమాస్తా చీవాట్లు వేరే. ఇక్కడ ఏదీ పాడుకాదు. కాని పక్కన ఎవరూ లేనివాడికి యంత్రం అన్న మాట తీర్పులా వినిపిస్తుంది. మన ఆడిట్ అభ్యంతరాలలాగే అందులో వరుస సంఖ్య ఉంటుంది, అసలు తప్పు చివరి వరుసలో ఉంటుంది. అతనికి నేను చెప్పగలిగింది ఇంతే.

ఇప్పుడతను పొద్దున గ్రంథాలయానికి, సాయంత్రం మా వరండాకు వస్తున్నాడు. ఆ ఉద్యోగం ఇంకా రాలేదు. సంచి మాత్రం మేడమీదకు తిరిగి వెళ్ళింది. మీ బాకీ లెక్క సరిచూసుకోదలచినవారు మూలపింఛను చీటీమీద రాసుకుని సాయంత్రం అయిదు తరువాత మా ఇంటికి రండి. అతనికీ అభ్యాసమవుతుంది. కాఫీ మా ఆవిడ ఇస్తుంది.