చెప్పడమూ, వినడమూ



ఒకప్పుడు బొగ్గు బాయి ఉన్న ఊరికి సైరనే గడియారం. అది మోగితే షిఫ్టు మారినదని ఇంటింటా తెలిసేది. యాజమాన్యం కార్మికులకు చెప్పవలసినది ఏదైనా ఉంటే గోడమీద కాగితం అంటించేవారు. చదివినవానికి చదివినంత. సందేహం వచ్చి అడుగుదామంటే గోడ బదులు చెప్పదు గదా!

నేడు ఆ గోడ ప్రతివాని జేబులోనికీ వచ్చినది. గోలేటి సంగతే చూడండి. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని ఈ ఊరిలో సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజరు కార్యాలయం ఉన్నది. ప్రధాన కార్యాలయమో, గోదావరికి ఆవల, కొత్తగూడెంలో. 1889లో ఇల్లందు వద్ద తవ్వకం ఆరంభించిన సంస్థ నేడు ఆరు జిల్లాలలో వ్యాపించి ఉన్నది. 2023 డిసెంబరులో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లే దాదాపు 40 వేల మంది. ఇంతమందిలో ఒకరి మాట మరొకరికి చేరడం ఎట్లా?

సెల్‌ఫోనులోని వాట్సాప్ గ్రూపు ఇందుకు సులభోపాయంగా కనిపిస్తున్నది. 2022 నుండి ఒక్కొక్క గ్రూపులో 1,024 మంది వరకు చేరవచ్చును. విదేశాలలో పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులు మాట్లాడుకొనడానికి ప్రత్యేక సాధనాలే వాడుతున్నవి. 2008లో వచ్చిన యామర్‌ను 2012లో మైక్రోసాఫ్ట్ 120 కోట్ల డాలర్లకు కొన్నది. ఫేస్‌బుక్ 2016లో వర్క్‌ప్లేస్ ప్రారంభించి, 2024లో దానిని మూసివేయనున్నట్లు ప్రకటించినది. అద్దె ఇంటి గోడమీది వ్రాత ఎన్నాళ్ళుంటుందో యజమాని ఇష్టం!

అయితే గనికి తన ధర్మం తనకున్నది. భూగర్భంలో మీథేన్ వాయువు గాలిలో 5 నుండి 15 శాతం వరకు కలిసి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలును, పేలడానికి. అందుచేత సాధారణ సెల్‌ఫోను లోపలికి తీసుకొనిపోరాదు. ఖైరిగూడ వంటి ఓపెన్‌కాస్టు గనులలో ఆ భయం లేకపోవచ్చును. కాని డంపరు నడిపేవాని చూపు ఫోనుమీదికి పోతే ముప్పు తప్పదు. కాబట్టి పైకప్పు బలహీనంగా ఉన్నదన్న మాటను దిగిపోయే సర్దారు ఎక్కే సర్దారుతో ముఖాముఖిగానే చెప్పవలె. పుస్తకంలో వ్రాసి సంతకం చేయవలె. ఫోనులోని బొటనవ్రేలి బొమ్మ సంతకం కాజాలదు.

ఇంటి ఇల్లాలికి తెలిసిన కష్టం మరొకటి ఉన్నది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి ప్రొద్దున కన్ను మూస్తాడు. తలాపున ఫోను మోగుతూనే ఉంటుంది. నిద్ర చాలని మనిషి మరునాడు ఏ స్థితిలో పనిలోకి దిగుతాడో ఆలోచించండి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది, మాట క్రిందినుండి పైకి పోవడం. మాకు తెలిసిన ఒక కార్యాలయంలో మెట్లవద్ద విద్యుత్తు తీగ ఊడి వ్రేలాడుతున్నదని ఒక చిన్న ఉద్యోగి గ్రూపులో వ్రాసినాడు. వెంటనే పన్నెండు నమస్కారపు బొమ్మలు వచ్చినవి. తీగను మాత్రం ఎవరూ ముట్టలేదు. మూడవనాడు, ఇటువంటివి గ్రూపులో పెట్టరాదని ఉత్తర్వు వచ్చినది. అటు తర్వాత ఆ గ్రూపులో శుభోదయాలు తప్ప మరొకటి కనబడలేదు. అదే హెచ్చరిక గనికి సంబంధించినదైతే, ఆ మౌనం ఖరీదు ప్రాణమే కావచ్చును.

మేము రేడియోలో మాట్లాడేవాళ్ళం. మా మాట మీకు వినబడుతుంది, మీ మాట మాకు వినబడదు. ఉత్తరం వస్తేనే మా తప్పు మాకు తెలుస్తుంది. జవాబు ఇస్తామన్న నమ్మకం ఉంటేనే ఉత్తరం వస్తుంది. సంస్థకూ ఇదే న్యాయం. ఫిర్యాదుకు ఎవరు, ఎన్ని రోజులలో బదులివ్వాలో ముందే చెప్పవలె. లోపం చూపినవానిని దోషిగా చూడరాదు. విశ్రాంతి వేళ ఫోను మోగరాదు. ఈ మూడూ లేనినాడు ఎంత గొప్ప సాధనమైనా పాత గోడే.

గోడకు చెవులుంటాయని మన సామెత. చాటుగా వినే చెవులు కావు, కార్మికుని కష్టం విని బదులు పలికే చెవులు కావలె. అట్టి చెవులున్న సంస్థలో మాట వృథా పోదు.

సెలవు.