తీజ్‌కి కిరాయి ఫేటియాలు
(జగ్గయ్యపేటలో తండా యువత సమావేశంలో మాట్లాడింది)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫేటియా మీద అద్దం కుట్టడం మీలో ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. ఇద్దరేనా? నాకూ రాదు, అందుకే నా చెయ్యీ లేవలేదు.

మొన్న తీజ్‌కి మా తండా ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచారు. పాటలు పాడారు, రీల్స్ పెట్టారు, లైకులు కూడా బాగానే వచ్చాయి. కానీ వేసుకున్న ఫేటియా, కాంచళి చాలామందివి కిరాయివి. మెషీన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దాలు. మా నాయనమ్మ వేళ్లతో తడిమి చూసి నవ్వింది. తన పెళ్లి ఫేటియా తనే కుట్టుకున్న మనిషి ఆమె. మధ్యాహ్నం పూట వేపచెట్టు కింద ఐదారుగురు కూర్చుని, పెద్దవాళ్ల చేతులు చూస్తూ నేర్చుకున్నారట. ముందు అద్దం మీద దారం అడ్డంగా, నిలువుగా లాగి బిగించాలి. ఆ దారాల్నే పట్టుకుని చుట్టూ గుండ్రంగా కుట్టుకుంటూ పోవాలి. జిగురుతో పనే లేదు.

ఆ కూర్చోవడం ఎందుకు ఆగింది? సిగ్గు ఒక కారణం. బస్సులో మన యాడీలను చూసి నవ్వినవాళ్లున్నారు, వీళ్లు చీరలోకి మారారు. ఆ బట్ట బరువు కూడా. రోజూ అదే కట్టుకోండని చెప్పే హక్కు ప్యాంటు వేసుకున్న నాకు లేదు. అసలు కారణం పని. మిరప కోతలకి పొద్దున్నే ఆటో ఎక్కితే చీకటి పడ్డాకే దిగుతారు. మండుతున్న వేళ్లతో సూది ఎవరు పడతారు? నెలలు పట్టే కుట్టుకి కూలి కట్టేవాళ్లు లేరు. పాత ఫేటియాలు మాత్రం వ్యాపారులు కొనుక్కెళ్లి, కోసి, సంచులుగా అమ్ముకుంటారు.

కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకి జిఐ గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జి-20 సమావేశాలప్పుడు సండూరు కుశల కళా కేంద్రం ఆడవాళ్ల చేతి కుట్టు 1755 ముక్కలు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టారు. వాళ్లదీ మనదీ ఒకటే జాతి, ఒకటే సూది. అక్కడ కలిసి కూర్చునే చోటుంది, కుట్టుకి కూలి ఉంది. మన డ్వాక్రా మీటింగుల్లో కిస్తీ లెక్క తప్ప ఇంకో మాట లేదు. ఒక గది, దారం గుడ్డకి పెట్టుబడి, కొనుగోలు. ఇవి అర్జీ రాసి అడుగుదాం. కానీ కుట్టడం వచ్చినవాళ్లే లేకపోతే ఏం చూపించి అడుగుతాం?

వచ్చే ఆదివారం మా నాయనమ్మ వేపచెట్టు కింద కూర్చుంటానంది. సూదులు, దారం నేను తెస్తాను. మగపిల్లలూ రండి. ఐదు దాటితే ఆమెకి చూపు ఆనదు, కాబట్టి మూడింటికల్లా వచ్చేయండి.