మెజెంటా డ్యూక్ గారి బిరుదు

పోయిన నెల మా ఇంట్లో ప్రింటర్ ఆగిపోయింది. మెజెంటా ఇంకు అయిపోయిందని తెర మీద రాసింది. మా చిన్నమ్మాయి, "నాన్నా, ముదురు గులాబీ అనొచ్చు కదా, ఈ మెజెంటా ఏమిటి?" అంది. ఇరవై ఏళ్లు ప్రెస్సులో పనిచేసి, ఆ రంగు డబ్బాలు ఎన్ని విప్పానో లెక్కలేదు. అయినా ఆ పేరెక్కడిదని ఏనాడూ ఆలోచించలేదు. సిగ్గేసి పుస్తకాలు తిరగేశాను. రంగు కోసం వెతికితే ఒక డ్యూక్ గారు దొరికారు.

మెజెంటా అనేది ఇటలీలో మిలాన్‌కి దగ్గర్లో ఉన్న ఊరు. 1859 జూన్ 4న అక్కడ ఆస్ట్రియా సైన్యానికీ, ఫ్రాన్స్, సార్డీనియాల సైన్యానికీ యుద్ధం జరిగింది. కాలవ వంతెనల దగ్గర మూడో నెపోలియన్ చక్రవర్తి దగ్గరున్న దళం ఇరుక్కుపోయింది. సాయం రావలసింది ఉత్తరం నుంచి. జనరల్ మెక్‌మహాన్ తుర్బిగో దగ్గర తిచీనో నది దాటి, సాయంత్రానికి ఊరి మీద పడ్డాడు. దాంతో యుద్ధం మళ్లింది. చక్రవర్తి ఆయన్ని మార్షల్‌నీ చేశాడు, మెజెంటా డ్యూక్‌నీ చేశాడు. అప్పుడే ఫ్రాన్సులో కొత్తగా తయారైన ఎర్ర రంగుకి ఇంగ్లండు వ్యాపారులు ఈ యుద్ధం పేరు తగిలించారు. మా ప్రెస్సులో డబ్బా మీదికి అదలా వచ్చింది. ఆ ఒక్క రోజులో రెండు పక్కలా కలిపి దాదాపు రెండు వేల మంది చనిపోయారు. ఇప్పుడు డబ్బా మూత విప్పితే అదే గుర్తొస్తోంది.

అన్నట్టు, మనం స్కూల్లో చదువుకున్న మెక్‌మహాన్ రేఖకీ ఈయనకీ సంబంధం లేదండోయ్. రేఖ గీసినాయన హెన్రీ మెక్‌మహాన్, ఇంగ్లీషు అధికారి. మన డ్యూక్ గారు 1808లో బర్గండీలోని సుల్లీ కోటలో పుట్టారు. పూర్వులు ఐర్లండు నుంచి వలస వచ్చినవాళ్లు. రెండు మూడు తరాల్లో పరాయి దేశానికి డ్యూకులైపోయారన్నమాట, మన ఎన్నారైలు గమనించాలి!

ఒక సైనికుడికి వచ్చే గౌరవాల్లో రెండు రకాలున్నాయి. మార్షల్ అనేది ఆయన ఒక్కడిదే, ఆయనతోనే పోతుంది. డ్యూక్ బిరుదు అలా కాదు, వారసత్వంగా దిగుతుంది. ఎవరికి? పెద్ద కొడుక్కి, అతని పెద్ద కొడుక్కి. కూతుళ్లకి కాదు.

ఈ నియమం ఏం చేస్తుందో చూడాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1855 సెప్టెంబరు 8న క్రిమియాలో, సెవాస్తపోల్ కోటకి ప్రాణం లాంటి మలకాఫ్ బురుజు మీదికి తన దళంతో ఎక్కినవాడు ఈ మెక్‌మహానే. బురుజు ఎక్కినవాడు ఒకడు, బిరుదు మాత్రం పైఅధికారిది. ఆ సైన్యానికంతటికీ అధిపతి పెలిసియేకి 1856లో మలకాఫ్ డ్యూక్ బిరుదు వచ్చింది. సైన్యాన్ని నడిపించింది ఆయనే కాబట్టి అన్యాయమనలేం గానీ, నాకెందుకో పూర్తిగా మింగుడు పడలేదు. ఆ పెలిసియే 1864లో పోయాడు. ఆయనకి ఉన్నది ఒక్క కూతురే. అంతే, ఎనిమిదేళ్లకే మలకాఫ్ డ్యూక్ అనేవాడు లేకుండా పోయాడు.

మెక్‌మహాన్‌కి కొడుకులున్నారు. అందుకని మెజెంటా బిరుదు నిలిచింది. మధ్యలో ఆయన 1870లో సెడాన్ దగ్గర గాయపడ్డాడు. 1871లో పారిస్ కమ్యూన్ని సైన్యంతో అణిచాడు, ఆ నెత్తురు మరక ఆయన పేరుకి ఉండనే ఉంది. 1873 నుంచి 1879 దాకా రిపబ్లిక్ అధ్యక్షుడుగా కూర్చున్నాడు. రాజు మళ్లీ రావాలని మనసులో కోరుకునే డ్యూక్, రాజు లేని దేశానికి అధ్యక్షుడు! 1893లో పోతే పెద్ద కొడుకు రెండో డ్యూక్ అయ్యాడు. నాలుగో డ్యూక్ 2002లో పోయారు, బిరుదు మళ్లీ కొడుక్కే వెళ్లింది.

రిపబ్లిక్‌లో ఇంకా బిరుదులేమిటి అంటారేమో. మన దేశంలో 1971లో రాజ్యాంగ సవరణతో రాజుల గుర్తింపు తీసేశారు. ఫ్రాన్సు పద్ధతి వేరు. కొత్తవి ఇవ్వరు. పాతదానికి వారసుడినని కాగితాలతో న్యాయశాఖకి దరఖాస్తు పెట్టుకుంటే, సరిచూసి నమోదు చేస్తారు. అధికారం లేదు, రాయితీ లేదు. పేరు పక్కన ఒక మాట, అంతే.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. నాకిద్దరూ ఆడపిల్లలే. ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా మా పెద్దనాన్న, "మన ఇంటిపేరు నీతో సరి రా అబ్బాయ్" అంటూనే ఉంటారు. నేను నవ్వేసి ఊరుకుంటాను. మా పెద్దమ్మాయి మాత్రం అన్నం కలుపుతూ, "మరి ఆ పెలిసియే గారి కూతురేమంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పోయిన వేసవిలో పారిస్ వెళ్లినప్పుడు పదమూడో నంబరు మెట్రోలో దక్షిణానికి వెళ్తుంటే మలకాఫ్ అని ఒక స్టేషను వచ్చింది. పారిస్ పక్కనే మలకాఫ్ అని ఒక ఊరే ఉంది. డ్యూకులు లేరు, జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. అప్పుడు నాకీ కథ తెలియదు. ఈసారి వెళ్తే ఆ స్టేషన్లో దిగుదామని పిల్లలన్నారు.