పిల్లలకు దారి చూపిన పంతులమ్మగారు



గడచిన నెలలో మా యూరి ఉన్నత పాఠశాలలో ఒక సభ జరిగినది. ముప్పదిరెండు సంవత్సరములు కొలువు చేసి పదవీ విరమణము చేయుచున్న ఒక పంతులమ్మగారికి సన్మానము చేసితిమి. తన పేరు చెప్పవలదని ఆమెయే కోరినందున చెప్పుట లేదు. శాలువ కప్పితిమి, పూలదండ వేసితిమి, నలుగురును నాలుగు మాటలు చెప్పిరి. పాఠశాల సంఘములో సభ్యుడ నగుటచే నన్నును మాటాడుమనిరి. లేచి నిలిచితిని గాని చెప్పవలసిన మాట గొంతు దాటి రాలేదు. ఆనాడు చెప్పలేని దానిని నేడు మీ ముందు చెప్పుకొనవలెనని వచ్చితిని.

ఆమె సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయిని. పాఠము చెప్పుటతోపాటు ఆమె మఱియొక పనియు చేసెడివారు. పదవ తరగతి దాటు పిల్లలకు ఏ చదువు తగునో, ఏ వృత్తి నప్పునో విచారించి చెప్పుట, మనసు క్రుంగిన పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని గోడు వినుట, ఇది ఆ రెండవ పని. పట్టణములలో కొన్ని పాఠశాలలందు దీనికై కౌన్సెలరు అను ప్రత్యేకోద్యోగి యుండును. మా వంటి యూళ్లలో ఉన్న ఉపాధ్యాయులలోనే ఎవరో ఒకరు దీనిని నెత్తి కెత్తుకొనవలసినదే.

ఈ పనికి ఒక చరిత్ర కలదు. అమెరికాలోని బోస్టను నగరమున 1908వ సంవత్సరములో ఫ్రాంక్ పార్సన్స్ అను నాతడు యువకులకు వృత్తి నెన్నుకొనుటలో సాయపడుటకై ఒక కార్యాలయము తెఱచెను. తన్ను తా నెఱుగుట, లోకములోని పనులను గూర్చి యెఱుగుట, ఆ రెంటికిని పొత్తు కుదురునో లేదో ఆలోచించి చూచుట, ఈ మూడును ఆతడు చెప్పిన మెట్లు. మన దేశమున 1952-53లో ముదలియారు సంఘమును, 1964-66లో కొఠారీ సంఘమును పాఠశాలలలో ఇట్టి మార్గదర్శనము కావలెనని చెప్పినవి. ప్రాథమిక పాఠశాల నుండియే ఇది ఆరంభము కావలెనని కొఠారీ సంఘము కోరినది. ఆ సిఫారసు మా యూరివఱకు వచ్చుటకు చాలకాలము పట్టినది. వచ్చినదియు ఈ పంతులమ్మగారి మూలముననే.

ఆమె పద్ధతి చెప్పెదను. పదవ తరగతిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట చొప్పున ఒక నోటుపుస్తకము పెట్టుకొనెడివారు. అందు మార్కులు వ్రాయరు. తీరిక దొరికినప్పుడు ఆ పిల్లవాడేమి చేయును, దేనిని గూర్చి మాటాడునపుడు వాని ముఖము వికసించును, ఇంట ఎవరికి జబ్బు, ఎంత అప్పు, ఇవి వ్రాసెడివారు. ఆ పుస్తకమును ప్రధానోపాధ్యాయునికైనను చూపెడివారు కారు. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష ఎప్పుడు, ఐ.టి.ఐ.లో ఏయే వృత్తులు నేర్పుదురు, గురుకులములో చేరుట ఎట్లు, ఎనిమిదవ తరగతి పిల్లలకు కేంద్ర ప్రభుత్వము 2008లో పెట్టిన ఉపకారవేతనమునకు దరఖాస్తు ఎన్నడు పంపవలెను, ఇవన్నియు కాగితమున వ్రాసి గోడ కంటించెడివారు.

ఇక నా సంగతి. నా పెద్దకుమారుడు పదవ తరగతి చదువుచున్నప్పుడు ఆమె మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, "అన్నగారూ, వీనికి యంత్రములన్న ప్రీతి. మీ బావి మోటారు చెడినపుడు విప్పి బాగుచేసినది వీడే కదా. పాలిటెక్నిక్‌లో చేర్చినచో రాణించును. మీరేమి చేసినను ముందు వాని నొక్క మాట అడుగుడు" అనిరి. నేను వినలేదు. బంధువుల పిల్లలు ఇంజనీరింగు ప్రవేశపరీక్షల కొఱకు పట్టణములోని కళాశాలలలో చేరుచుండిరి. నా కొడుకు వారికి తీసిపోవునా యని పౌరుషము. ఎకరము పొలము తాకట్టుపెట్టి వానిని చేర్చితిని. వాని నడుగలేదు. అడిగినచో వలదనునేమో యని వెఱచియే అడుగలేదని ఇప్పుడు తోచుచున్నది.

ఏడవ నెలలో వాడు రాత్రి బస్సులో ఇంటికి వచ్చి పడెను. తిండి లేదు, మాట లేదు. మూడు నెలలు గడప దాటలేదు. నా భార్య రాత్రులు మేలుకొని వాని మంచము కడ కావలి యుండెను. మాకు కలిగిన భయ మెట్టిదో పిల్లలు గలవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సంగతి తెలిసి పంతులమ్మగారు వచ్చిరి. "నేను చెప్పలేదా" అను మాట ఆమె నోట రాలేదు. ముందుగ మానసిక వైద్యునికి చూపుమనిరి. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదని మా యింటివారికి నచ్చజెప్పిరి. పిమ్మట ప్రతి శనివారము బడి విడిచినంతనే వచ్చి వానితో అరగంట కూర్చుండెడివారు. చదువు ప్రసక్తి తెచ్చెడివారు కారు. ఒకనాడు పాఠశాలలో చెడిన బల్లపంకా నొకదానిని తెచ్చి వాని ముందు పెట్టి వెడలిపోయిరి. మఱుసటి శనివారమునకు అది తిరుగుచుండెను. ఆ యేడు గడచిన పిదప వాడు తన యిష్టము చొప్పున ఐ.టి.ఐ.లో చేరి రెండేండ్లు ఎలక్ట్రీషియను పని నేర్చెను. ఇప్పుడు ఆ వృత్తిలోనే కుదురుకొని యున్నాడు. ఇంటికి వచ్చినపుడు నా ప్రక్కన కూర్చుండి మాటాడుచున్నాడు.

అన్నింటను ఆమెకు జయమే కలిగినదని చెప్పను. పదునైదేండ్ల బాలికకు పెండ్లి నిశ్చయమైనదని తెలిసిన, ఆ పిల్ల తండ్రి యొద్దకు పోయి, పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరమని స్పష్టముగ చెప్పెడివారు. చెప్పి, కారణమేమని విచారించెడివారు. ఒక తండ్రికి పైచదువునకై పిల్లను దినదినము బస్సులో పంపుటకు భయము. గురుకులములో చోటు చూపి ఆ భయము తీర్చిరి. అట్లు కొన్ని పెండ్లిండ్లు ఆగినవి. ఒకటి ఆగలేదు. వేఱొక యూరిలో రాత్రికి రాత్రి జరిగిపోయినది. సన్మానసభలో ఆమె తాను చేసిన మేలు ఒక్కటియు ఎత్తలేదు. ఆ యొక్క పిల్లను తలచుకొని కంటతడి పెట్టిరి.

సభ ముగిసిన తరువాత నేను నోటుపుస్తకముల మాట ఎత్తితిని. నా కుమారుని పుటలో ఏమి వ్రాసిరో చూడవలెనని కోరిక. "అది వానిది. వానికే ఇచ్చివేసితిని. అడుగవచ్చిన వారికి వారివారి పుట లిచ్చితిని. మిగిలినవి పొయ్యిలో వేసితిని" అనిరి. నేను మఱి అడుగలేదు.

సాంఘికశాస్త్రము చెప్పుటకు ఆమె స్థానమున మఱియొకరు వత్తురు. ఆ రెండవ పనికి మాత్రము ఎవరికిని ఉత్తరువు లేదు. కావున పెద్దలకు నాదొక మనవి. పదవ తరగతి ఫలితములు వచ్చు దినములలో, ఫీజు కట్టుటకు ముందే, పిల్లవానినైనను పిల్లనైనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నీ కేది యిష్టమని అడుగుడు. అడిగి, వారు చెప్పువఱకు ఊరకుండుడు. ఆ తరువాత మీకు తోచినది చెప్పుడు. పిల్లలు తిండి మాని మౌనము పట్టినచో దిష్టి యని త్రోసివేయక వైద్యునికి చూపుడు. మనసు బాధలకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ తెలుగులో మాటాడవచ్చును. ఈ సదుపాయము 2022లో ఏర్పడినది. ఆపదలో నున్న పిల్లలకు 1098 కలదు.

ఇక సభలో నేను చెప్పలేకపోయిన మాట. పంతులమ్మగారూ, ఆనాడు అరుగుమీద మీరు చెప్పిన మాట వినక తప్పు చేసితిని. మీరు దానిని మనసున పెట్టుకొనక నా బిడ్డకు తోడు నిలిచితిరి. మీకు నమస్కారము.