బొమ్మ మారదు, మనిషి మారతాడు

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!

ప్రియ సోదరులారా! విజయనగరానికి చెందిన ఒక తండ్రి ఇటీవల మా వద్దకు వచ్చారు. ఆయన అనుమతితోనే ఈ విషయం చెబుతున్నాము. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న ఆయన కుమారుడు సినిమా కథల్లోని సూపర్‌హీరోల, విలన్ల బొమ్మలు సేకరిస్తున్నాడు. బ్యాట్‌మ్యాన్, జోకర్ వంటి ఆ బొమ్మలు ఒక్కొక్కటీ వేల రూపాయలు. కొన్ని అప్పు చేసి కొన్నవి. పెట్టె తెరిస్తే విలువ తగ్గుతుందని కొన్నింటికి సీలు కూడా తీయలేదు. “ఇవి హరామ్ అని ఒక్కమాట చెప్పండి హజ్రత్, నేనే తగలబెడతాను” అన్నారాయన. తండ్రీకొడుకుల మధ్య మాటలు లేక నాలుగు నెలలైంది.

మొదట బొమ్మల సంగతి. పిల్లల ఆటను మన ధర్మం నిషేధించలేదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు. వాటిలో గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (సఅసం) అడిగారు. సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె బదులిచ్చారు. ఆయన మనసారా నవ్వారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ సంఘటన ఉంది.

కాని ఆట వేరు, ప్రదర్శన వేరు. 1964లో అమెరికాకు చెందిన హాస్‌బ్రో కంపెనీ, ‘డాల్’ అంటే మగపిల్లలు కొనరని, సైనికుని బొమ్మకు ‘యాక్షన్ ఫిగర్’ అని పేరు పెట్టింది. పిల్లల ఆటకై పుట్టిన ఆ వస్తువు నేడు పెద్దల అద్దాల బీరువా ఎక్కింది. పిల్లల బొమ్మలకున్న సడలింపు అలంకరణకై నిలిపే ప్రతిమలకు వర్తించదన్నది అధికసంఖ్యాక ఉలమాల అభిప్రాయం. ఇక అప్పు చేసి వాటిని పోగుచేయడం ఇస్రాఫ్, అంటే దుబారా. అత్తకాసుర్ సూరా హెచ్చరించేది ఇటువంటి పోటీ గురించే. ఆ యువకుడు ఈ మాట వినవలసిందే.

అయితే తండ్రికీ ఒక మాట చెప్పాము. బొమ్మను అచ్చులో పోసినప్పుడే అది హీరోయో విలనో తేలిపోతుంది. జోకర్ ముఖం ఎన్నేళ్లయినా మారదు. మనిషి అటువంటివాడు కాడు. ఉహుద్ యుద్ధంలో ముస్లిములను వెనుకనుండి దెబ్బతీసిన అశ్వదళానికి నాయకుడు ఖాలిద్ బిన్ వలీద్. తరువాత ఆయనే ‘అల్లాహ్ ఖడ్గం’ అనే బిరుదు పొందారు. అదే యుద్ధంలో దైవప్రవక్త (సఅసం) పినతండ్రి హమ్జా (రజి)ను బల్లెంతో చంపినవాడు వహ్షీ. అతడు ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు ప్రవక్త (సఅసం) తిరస్కరించలేదు. తన కంటపడకుండా ఉండమని మాత్రం కోరారు. దుఃఖం మిగిలింది, కాని తలుపు మూసుకోలేదు.

“భాయ్, ఈ నాలుగు నెలల్లో మీ కుమారుని కోసం ఎన్నిసార్లు దుఆ చేశారు?” అని అడిగాము. ఆయన తలదించుకున్నారు. మక్తబ్‌లో అల్లరి చేసిన పిల్లవాణ్ణి ‘షైతాన్’ అని పిలిచిన రోజులు మాకూ గుర్తుకు వచ్చాయి.

సోదరులారా! పసివాని చేతిలోని బొమ్మను లాక్కోకండి. ఎదిగిన కుమారునికి అప్పు భారాన్ని, దుబారా పాపాన్ని తెలియజెప్పండి. కాని ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చొని, సలాంతో మొదలుపెట్టి చెప్పండి. తౌబా ద్వారాన్ని అల్లాహ్ తెరచి ఉంచగా, ఇంటి ద్వారాన్ని మనం మూయరాదు.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని సన్మార్గాన నడిపించు. వారిపట్ల మా హృదయాలను మెత్తబరచు. ఆమీన్.