లెవాడా గట్టు మీద పాఖాల పాఠం



నిరుడు నేను, మా ఆవిడ పోర్చుగల్ వారి మదీరా దీవికి వెళ్లాం. అట్లాంటిక్ నడుమ పచ్చటి కొండలు. అక్కడ చాలా నడక దారులు 'లెవాడా' గట్లే. వానలు బాగా పడే ఉత్తరం నుంచి ఎండు నేలల దక్షిణానికి నీళ్లు తెచ్చే కాలువలవి. 15వ శతాబ్దం నుంచి కొండలు చెక్కి కట్టారు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క లోయ. నీళ్లు పంచే మనిషిని 'లెవదెయిరు' అంటారు. వినగానే "మన నీరటికాడే!" అన్నాను.

ఆ మాట ఎనిమిదో తరగతిలో మా సోషల్ సారు చెప్పిందే. గణపతిదేవుడి కాలం నాటి పాఖాల కట్ట మీద నడిపిస్తూ తూము, మత్తడి చూపించారు. నా ధ్యాసంతా టిఫిన్ డబ్బా మీదే.

ముప్ఫై ఏళ్లుగా ఇంజనీరును. మా ఊరి చెరువుకు నీళ్లెటునుంచి వచ్చేవో తెలియదు. తిరిగొచ్చాక పాత నీరటికాడి కొడుకు వెంట ఆ కాలువ జాడ పట్టి నడిచాను. సగం దూరంలోనే ప్లాట్ల రాళ్లు అడ్డొచ్చాయి.

సారు ఇప్పుడు లేరు. ఏటా ఒక ఆదివారం మన బడి పిల్లల్ని పాఖాల కట్ట మీద మనమే నడిపిద్దాం. టిఫిన్ల ఖర్చు నాది.