రెండు సినిమాలు – ఒక ప్రశ్న



సినిమాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆదేశం. సర్వీసంతా ఫైళ్ళు రాసినవాణ్ణి, విమర్శకుణ్ణి కాను. చూసింది చెబుతాను.

1977లో మన తెలుగులో రెండు చిత్రాలు తయారయ్యాయి. ఒకటి కె. రాఘవేంద్రరావుగారి ‘అడవి రాముడు’. రెండోది బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది.

‘అడవి రాముడు’కి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. రామారావుగారు తెరమీద కనబడగానే హాలు ఈలలతో దద్దరిల్లింది. వేటూరి పాటలు, మహదేవన్ బాణీలు, అడవి, ఏనుగులు, చివరికి దుర్మార్గుల ఆటకట్టు. నెలాఖరు అప్పులన్నీ ఆ కాసేపు మరిచిపోయాం. అటువంటి చిత్రాలను తేలిగ్గా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. కష్టజీవికి ఆ ఊరట చిన్న విషయం కాదు.

‘ఒక ఊరి కథ’ మా ఊరికి ఉదయం ఆటగా వచ్చింది. హాలు సగం ఖాళీ. విశ్రాంతి సమయంలో కొందరు విసుక్కుంటూ వెళ్ళిపోయారు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ దానికి ఆధారం. ఎంత చేసినా లాభం ఆసామిదే కనుక పని చేయనని భీష్మించిన వెంకయ్య, అతని కొడుకు. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నీలమ్మ ఒళ్ళు వంచి కష్టపడుతుంది. చివరకు కాన్పు నొప్పులతో ప్రాణం విడుస్తుంది. ఆమె దహనానికి తండ్రీకొడుకులు ఊళ్ళో అడుక్కుంటారు.

ఇంటికొచ్చి నేనూ, మా సెక్షన్ మిత్రుడూ వాదనకు దిగాం. వెంకయ్య సోమరి అని నేను, కాదు తిరగబడ్డవాడని ఆయన. మా శ్రీమతి కాఫీ గ్లాసులు పెట్టి, “ఇంతసేపూ ఆ ముసలాయన గురించే మాట్లాడుతున్నారు. చచ్చిపోయింది ఆ పిల్ల కదండీ?” అని లోపలికి వెళ్ళిపోయింది. మా వాదన అక్కడితో ఆగిపోయింది. గ్లాసులు మాత్రం ఆవిడే వచ్చి తీసింది.

నేను రిటైరై పదిహేనేళ్ళు దాటింది. మా శ్రీమతికి రిటైర్మెంటు ఆర్డరు ఇంకా రాలేదు! క్రిందటేడు మోకాళ్ళ నొప్పితో ఆవిడ మంచం పట్టినప్పుడు, డికాక్షన్ వేయడం కూడా నాకు చేతకాదని బయటపడింది. ఆ ఉదయం నీలమ్మ గుర్తొచ్చింది. పని మానడానికి వెంకయ్యకు ఒక సిద్ధాంతమైనా ఉంది. నాకున్నది పెన్షన్ ఆర్డరొక్కటే.

‘అడవి రాముడు’ టీవీలో వస్తే ఇప్పటికీ ఇద్దరం సరదాగా చూస్తాం. ‘ఒక ఊరి కథ’ మళ్ళీ చూడలేదు. అది పెట్టిన ప్రశ్న మాత్రం ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు ఉదయం కాఫీ నేనే పెడుతున్నాను. అంత బాగుండదు, అయినా ఆవిడ వంక పెట్టకుండా తాగుతోంది. తోటి పెన్షనర్లు కూడా ఒకసారి వంటింటి వైపు తొంగిచూడాలని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.